కారు సైలెన్సర్ మోత ఎక్కువైందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నా పన్నెండేళ్ల పెట్రోలు కారు కింద గోనెసంచి పరుచుకుని పడుకున్న ప్రతిసారీ మా అపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు వచ్చి పక్కన నిలబడతారు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. విజయవాడలో ఆటోనగర్ ఉండగా మనకెందుకు ఈ తంటా అంటారు కొందరు. పని షెడ్డులోనే చేయించుకోండి, కాదనను. చప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నదో మాత్రం మనమే కనుక్కుని వెళ్లాలి. లేదంటే సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బరు ముక్క తెగినందుకు సైలెన్సర్ మొత్తం మార్పించుకుని వస్తాం. ఎక్కడి నుంచి చదివినా అర్థం కావాలని కొన్ని జాగ్రత్తలు మళ్లీ మళ్లీ రాశాను, విసుక్కోకండి.

## చప్పుడు విన్నప్పుడు

నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ట్రాక్టర్‌లా మోగుతోంది. ఏమై ఉంటుంది?

ఒక్క రాత్రిలో వచ్చిన మోతకు సాధారణంగా మూడు కారణాలు: పైపు జాయింటు ఊడటం, తుప్పుపట్టిన చోట చిల్లు పడటం, రెండు పైపుల మధ్య ప్యాకింగ్ కాలిపోవడం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతుంటే సెకనుకు 100 సార్లు పేలిన వాయువు పైపులోకి దూకుతుంది. మఫ్లర్, అంటే మోతను తగ్గించే వెనక డబ్బా, లోపలి గదుల్లో ఆ దెబ్బలు ఒకదానికొకటి ఎదురై చల్లబడతాయి. దారి మధ్యలో చిల్లు ఉంటే అవి మఫ్లర్ దాకా వెళ్లకుండానే బయటపడతాయి. కాబట్టి చిల్లు ఇంజిన్‌కు ఎంత దగ్గరగా ఉంటే మోత అంత కటువుగా, ఫట్‌ఫట్‌మని వినిపిస్తుంది. వెనకవైపు ఉంటే బొంగురుపోయిన గొంతులా ఉంటుంది.

ఇది సైలెన్సర్ చప్పుడా, చక్రం చప్పుడా?

కారు నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కండి. మోత ఇంజిన్‌తోపాటు పెరిగితే చక్రానికి సంబంధం లేదు. నిలబడినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, కారు వేగం పెరిగినకొద్దీ హూమని పెరిగితే అది వీల్ బేరింగో, అరిగిన టైరో. మరొకటి, చాలామంది గమనించనిది: ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత సరిగా పడకపోయినా తొక్కినప్పుడల్లా ముందు నుంచి గట్టి రొద వస్తుంది. సర్వీసింగ్ చేయించిన మర్నాటి నుంచే మోత మొదలైతే కారు కిందికి దూరే ముందు బానెట్ ఎత్తి ఆ డబ్బా క్లిప్పులు చూడండి. ఒకసారి నేను అరపూట కారు కింద గడిపాక తేలింది అదే.

పొద్దున స్టార్ట్ చేయగానే టిక్‌టిక్‌మంటుంది, పది నిమిషాలకు పోతుంది. దానంతట అదే తగ్గుతోంది కదా?

తగ్గడం లేదు, దాక్కుంటోంది. ఇంజిన్‌ను ఆనుకుని, సిలిండర్ల పొగను ఒక పైపులోకి చేర్చే మానిఫోల్డ్‌లో సన్నని పగులో, అక్కడి ప్యాకింగ్‌లో సందో ఉంటే చల్లగా ఉన్నప్పుడు గాలి తప్పించుకుని టిక్‌టిక్‌మంటుంది. ఇనుము వేడెక్కి వ్యాకోచించగానే ఆ సందు మూసుకుంటుంది. ప్రతి ఉదయం ఇదే జరుగుతూ పగులు కొద్దికొద్దిగా పెరుగుతుంది. బానెట్ కింది నుంచి వచ్చే ఈ పొగ ఏసీ గాలి లోపలికి పోయే దారికి దగ్గర. నెలలు వాయిదా వేయదగ్గ పని కాదు.

కింద ఎవరో రేకు డబ్బా ఊపినట్టు గలగలమంటోంది. అదీ సైలెన్సరేనా?

చాలాసార్లు అది సైలెన్సర్ పైన ఉండే పల్చని రేకు, అంటే హీట్ షీల్డ్. స్క్రూ చుట్టూ తుప్పుపట్టి వదులై, ఇంజిన్ అదురుకు గలగలలాడుతుంది. పెద్ద వాషర్ వేసి బిగిస్తే సరి. ఊడబీకి పారేయకండి, కారు అడుగు భాగాన్ని, పెట్రోలు పైపులను వేడి నుంచి కాపాడేది అదే. ఇంజిన్ చల్లారాక, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినప్పుడు లోపల గులకరాళ్లు కదిలినట్టు వినిపిస్తే మాత్రం రేకు కాదు, లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె విరిగిందని అర్థం.

సైలెన్సర్ చివర నీళ్లు కారుతున్నాయి. ఇంజిన్ పోయినట్టేనా?

కంగారు పడకండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఉదయం పైపు చల్లగా ఉన్నప్పుడు ఆ ఆవిరి నీరై కారుతుంది, బండి వేడెక్కాక ఆగిపోతుంది. బండి బాగా వేడెక్కినా దట్టమైన తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతుంటే అప్పుడు హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ దిమ్మెకూ దాని పైమూతకూ మధ్య ప్యాకింగ్) అనుమానించాలి. మామూలు నీటి చుక్కలకు ఒక చెడ్డ గుణం ఉంది. గవర్నర్‌పేట నుంచి సూర్యారావుపేటకు, అక్కడి నుంచి ఇంటికి అన్నట్టు రోజూ చిన్న చిన్న దూరాలే తిరిగే కారులో ఆ నీరు ఆవిరయ్యేంత వేడి మఫ్లర్‌కు అందదు. అందుకే తక్కువ తిరిగిన కారు సైలెన్సరే ముందు తుప్పుపడుతుంది.

చెవులకు కాస్త ఇబ్బంది, అంతేగా? రెండు నెలలు ఇలాగే నడపవచ్చా?

చిల్లు ఎక్కడుందన్న దాన్నిబట్టి ఉంటుంది. వెనక బంపరు కింద ఉంటే నాలుగైదు రోజులు ఆగవచ్చు. సీట్ల కిందో, ముందువైపో ఉంటే ఆగకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసి ఏసీ వేసుకున్న కారులో తలనొప్పిగా, తల తిరిగినట్టుగా, వాంతి వచ్చేలా మొదలవుతుంది. గుంటూరు దాకా వెళ్లొచ్చేసరికి ఇంట్లోవాళ్లందరికీ తలనొప్పి వస్తే ఎండను తిట్టుకునే ముందు సైలెన్సర్‌ను చూడండి. షెడ్డుకు తీసుకెళ్లేటప్పుడు నాలుగు అద్దాలూ దించండి. వెనక డిక్కీ తలుపు ఒక్కటే తెరిచి నడిపితే పొగ లోపలికే లాగుతుంది.

## కారు కిందికి వెళ్లే ముందు

సెల్లార్‌లోనే ఇంజిన్ ఆన్ చేసి వినవచ్చా? అక్కడ నీడ ఉంటుంది కదా.

వద్దు. పైపు పగిలిన కారును సెల్లార్‌లో నడుస్తూ ఉంచితే పొగంతా నేల మీద పడుకున్న మీ ముక్కు దగ్గరే తేలుతుంది. కారును ఆరుబయటికి తెచ్చుకోండి. నీడే కావాలంటే వేసవిలో ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టండి. మే నెలలో బెజవాడ సిమెంటు నేల మీద పది గంటలకు వెల్లకిలా పడుకోవడం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

కారుతో వచ్చిన జాకీ ఉంది. అది చాలదా? పక్కన ఇటుకలు పెడితే?

ఆ జాకీ టైరు మార్చడానికి ఇచ్చింది, మనిషి కింద పడుకోవడానికి కాదు. చదును నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, నేల మీదుండే చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మెలు అడ్డంపెట్టి, జాకీతో లేపి, బరువును ఇనుప స్టాండ్ల మీదికి దించాలి. తరువాత బంపరు పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. కదిలితే మళ్లీ సర్దాలి. ఇటుక, సిమెంటు దిమ్మె బరువుకు ముందుగా చెప్పకుండానే పగులుతాయి. స్టాండ్లు లేకపోతే కారు కింద పడుకోవద్దు. పక్కన బోర్లా పడుకుని టార్చి వేసినా వెనక మఫ్లర్, రబ్బర్లు, సగం పైపు కనిపిస్తాయి, చాలా సందర్భాల్లో అది చాలు.

ఇంజిన్ ఆపాక ఎంతసేపటికి ముట్టుకోవచ్చు?

కనీసం రెండు గంటలు. క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేసేదే 400 డిగ్రీలకు పైబడిన వేడిలో. రాత్రి పెట్టి ఉదయం పని మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు.

## చిల్లును వెతకడం

టార్చి వేసి చూసినా ఏమీ కనిపించడం లేదు. ఎలా పట్టుకోవాలి?

ముందు మసిని వెతకండి. గాలి తప్పించుకునే చోట పైపు మీద నల్లటి విసనకర్ర ఆకారం పరుచుకుంటుంది. జాయింట్ల చుట్టూ, వెల్డింగ్ గీతల వెంబడి, పైపు వంపు తిరిగే చోట అద్దం పెట్టి పైభాగం కూడా చూడండి. నేను మూడుసార్లు వెతికితే రెండుసార్లు చిల్లు పైపు పైభాగాన, కింద పడుకున్న కంటికి అందని చోటే ఉంది.

మసి దొరకకపోతే తడిగుడ్డ పరీక్ష. కారు నేల మీదే ఉండాలి, జాకీ మీద కాదు. ఆరుబయట ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నడుస్తుంటే, ఇంకొకరు మందపాటి తోలు చేతితొడుగులు వేసుకుని, పక్కకు నిలబడి, మడత పెట్టిన తడి గోనెగుడ్డతో పైపు చివరను నాలుగైదు సెకన్లు అదిమిపెట్టాలి. లోపలి ఒత్తిడి పెరిగి చిల్లు దగ్గర బుస్‌మంటుంది. మీరు కారు చుట్టూ తిరుగుతూ వినండి. ఎక్కడా బుస్సు లేకుండా ఇంజిన్ ఆగిపోబోయినట్టు మూలిగితే పెద్ద లీకు లేనట్టే.

నాకు ఇష్టమైనది మూడోది. ఇంజిన్ పూర్తిగా చల్లారి, ఆపి ఉన్నప్పుడు, ఇంట్లోని వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి, సైలెన్సర్ చివర పెట్టి చుట్టూ గుడ్డ చుట్టండి. స్ప్రే సీసాలో సబ్బునీళ్లు కలిపి ఒక్కో జాయింటు మీద చల్లుతూ రండి. లీకున్న చోట చంటిపిల్లల నోటి చొంగలా బుడగలు పొంగుతాయి. వేడి లేదు, పొగ లేదు, ఇంజిన్ చప్పుడు లేదు; గుండుసూది మొనంత చిల్లు కూడా దొరుకుతుంది. వాక్యూమ్ క్లీనర్ ఎందుకు మసిబారిందో ఇంట్లో చెప్పుకోవలసి రావడం ఒక్కటే ఇబ్బంది.

మఫ్లర్ అడుగున గుండ్రంగా చిన్న రంధ్రం ఉంది, అంచులు నున్నగా ఉన్నాయి. అదేనా చిల్లు?

కాదు, అది కంపెనీ పెట్టినదే. లోపల చేరిన నీరు బయటికి పోవడానికి వదిలిన దారి. దాన్ని మూస్తే మఫ్లర్ లోపలి నుంచి కుళ్లుతుంది. తుప్పుతో పడిన చిల్లు అంచులు ఎలుక కొరికిన రొట్టెలా ఎగుడుదిగుడుగా ఉంటాయి.

పైకి గోధుమరంగు తుప్పు అంతటా ఉంది. అంతా మార్చాలా?

రంగును చూసి భయపడకండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి పైపు ఖంగుమంటుంది, కుళ్లింది పనికిరాని కొబ్బరికాయలా బద్దగా పలుకుతుంది. బద్దగా పలికిన చోట మొనతో నొక్కితే దిగబడితే, అక్కడ అతుకు వేసి లాభం లేదు. ఆ ముక్క మార్చాలి.

## చేత్తో బాగుచేయడం

కుళాయి లీకులకు వాడే ఎపాక్సీ ముద్ద ఇంట్లో ఉంది. అది పెడితే ఆగదా?

ఆగదు. నేను పెట్టాను. ఇంటి దగ్గర రాయిలా గట్టిపడింది, బెంజి సర్కిల్ దాటేలోపే మాడి రాలిపోయింది. పైపు వేడికి మామూలు ఎపాక్సీ తట్టుకోదు. సైలెన్సర్‌కోసమే చేసిన పేస్టు, దాని మీద చుట్టే పట్టీ ఆటో విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. డబ్బా మీద ఎంత వేడికి తట్టుకుంటుందో రాసి ఉంటుంది, చదివి కొనండి.

పేస్టు, పట్టీ వేయడంలో ఏదైనా మెలకువ ఉందా?

మెలకువంతా శుభ్రం చేయడంలోనే ఉంది. చిల్లు చుట్టూ నాలుగు వేళ్ల మేర వైరు బ్రష్‌తో, తరువాత ఎమరీ కాగితంతో మెరిసే లోహం కనబడేదాకా రుద్దాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, రాలే తుప్పు నేరుగా కళ్లలోకే పడుతుంది. చిల్లు చిటికెన వేలి గోరుకన్నా పెద్దదైతే ముందు పల్చటి రేకు ముక్క వంచి కప్పి, రెండువైపులా క్లాంపులు బిగించి, అంచులకు పేస్టు పూయండి. పట్టీ చుట్టేటప్పుడు ఒక్కో చుట్టు ముందు చుట్టును సగం కప్పేలా రావాలి. ఆరే సమయం డబ్బా మీద ఎంత రాశారో అంత ఆగి, తరువాత ఆరుబయట ఇంజిన్‌ను పది పదిహేను నిమిషాలు ఐడిల్‌లో నడిపితే గట్టిపడుతుంది. ఈ పని వెనక సగానికే. ఇంజిన్ పక్కనున్న మానిఫోల్డ్ మీద నిలవదు. వెనకవైపు కూడా దీన్ని శాశ్వతమని అనుకోవద్దు, ఆరు నెలలు వచ్చిందంటే డబ్బులు గిట్టినట్టే.

సైలెన్సర్ ఒకవైపు వేలాడుతోంది. కట్టుడు తీగతో కట్టేస్తే?

ఇంటికి చేరడానికి కట్టండి, అలాగే వదిలేయకండి. సైలెన్సర్‌ను రబ్బరు చెవుల మీద వేలాడదీసింది ఇంజిన్ అదురు కారులోకి రాకుండా ఉండటానికే. తీగతో కడితే ఆ అదురంతా సీటులోకి ఎక్కుతుంది, బరువంతా పక్క జాయింటు మీద పడి అదీ పగులుతుంది. కొత్త రబ్బరుకు అయ్యే ఖర్చు తక్కువ. దాని రంధ్రంలోకి ఇనుప కొక్కెం దూరకపోతే సబ్బునీళ్లు రాయండి. నూనె, గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. ఒకటి తెగిందంటే మిగతావి కూడా అదే వయసువి కాబట్టి అన్నీ కలిపి మార్చడం నయం.

జాయింటులో ప్యాకింగ్ మార్చాలి. నట్లు ససేమిరా కదలడం లేదు.

ముందురోజు రాత్రే మరల మీద తుప్పు వదలగొట్టే స్ప్రే కొట్టి, వైరు బ్రష్‌తో రుద్ది, మళ్లీ కొట్టి వదిలేయండి. ఉదయం ఆరు పలకలకూ పట్టే రింగ్ పానాతోనే తిప్పండి. రెండు పలకలనే పట్టే పానా నట్టు అంచులు గుండ్రంగా అరగదీస్తుంది. విప్పే ముందు ఒక వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పితే తుప్పు పట్టు వదులుతుంది. ఒక్కసారిగా బలం పెట్టవద్దు. బోల్టు విరిగితే పావుగంట పని ఒక పూట పని అవుతుంది.

విప్పాక పాత ప్యాకింగ్‌ను మళ్లీ వాడకండి, ఎంత బాగున్నట్టు కనిపించినా. అది ఒకసారి నలిగాక మళ్లీ మూయదు. రెండు ముఖాలనూ గీకి శుభ్రం చేసి, కొత్తది పెట్టి, నట్లను వంతులవారీగా కొంచెం కొంచెం బిగించండి. స్ప్రింగులున్న బోల్టులైతే స్ప్రింగు పూర్తిగా అణిగేదాకా బిగించకూడదు, ఆ జాయింటు కదలాలి కాబట్టే స్ప్రింగు పెట్టారు. పైపును విప్పి మళ్లీ కడుతుంటే ముందు అన్నీ వదులుగా తగిలించి, ఎక్కడా కారు అడుగుకు తగలడం లేదని చూసుకుని, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి.

## షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు

ఏయే పనులు ఇంట్లో అసలు ముట్టుకోకూడదు?

మానిఫోల్డ్ పగులు, ఫ్లెక్స్ పైపు (ఇంజిన్ అదురుకు వంగే అల్లిక పైపు), టర్బోకు (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) ముందున్న లీకు, ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) పాడైన మర, ఇంకా ఏ వెల్డింగైనా. వెనక మఫ్లర్ చాలా కార్లలో పెట్రోలు ట్యాంకుకు జానెడు దూరంలోనే ఉంటుంది. ఇంట్లో వెల్డింగ్ మిషన్ ఉన్నా ఆ నిప్పురవ్వలను అక్కడ ఎగరనివ్వకండి.

ఆటోనగర్‌లో ఏమని చెప్పాలి? మోసపోకుండా ఏం చూసుకోవాలి?

‘సైలెన్సర్ మోగుతోంది’ అనకండి. ‘నడిమి పైపుకూ మఫ్లర్‌కూ మధ్య జాయింటు దగ్గర లీకు ఉంది, వెల్డింగ్ వేయాలి’ అనండి. చిల్లు పక్కన సుద్దముక్కతో గీత గీసి వెళ్తే ఇంకా మంచిది. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పమని అడగండి, కంప్యూటర్ ఉన్న కార్లకు అది అవసరం. విప్పిన పాత ముక్కను చూపించమనండి. పని అయ్యాక షెడ్డు బయట మీరే ఒకసారి తొక్కి వినండి. అక్కడ దశాబ్దాలుగా చెవితోనే లీకు చెప్పగల మేస్త్రీలున్నారు. అలాంటివారు దొరికితే నా సుద్దగీతను పట్టించుకోకుండా వాళ్లు చెప్పింది వినండి.

క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి నేరుగా పైపు వేస్తే మైలేజీ పెరుగుతుందట. నిజమేనా?

మోత పెరుగుతుంది, అది మాత్రం ఖాయం. దాని తరువాత ఉండే సెన్సార్ తేడా పట్టి ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. కాలుష్య పరీక్షలో తప్పుతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 120వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు వాహనానికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలు లైసెన్సుకు అనర్హులవుతారు. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు అందులో ఉంటాయి కాబట్టి, ఉచితంగా తీసిపెడతామన్నవారి ఉదారతను కొంచెం అనుమానించండి.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా కారు సింగ్‌నగర్‌లో మునిగింది. ఇంజిన్ బాగుచేయించాం, ఇప్పుడు సైలెన్సర్ మోగుతోంది.

రోజుల తరబడి నీళ్లలో నిలిచిన కారులో మఫ్లర్ గదుల్లోకి ఒండ్రు చేరుతుంది. చిన్న రంధ్రం గుండా నీరు పోతుంది, మట్టి పోదు. ఆ తడి మట్టి లోపలి నుంచి రేకును తింటుంది, బయటికి బాగానే కనిపిస్తుంది. మఫ్లర్‌ను చేత్తో మోసి చూస్తే బరువు తేడా, ఊపితే లోపల జారుడు తెలుస్తాయి. ఇలాంటిదానికి అతుకులు వేస్తూ పోవడం దండగ. ఒక అతుకు పక్కనే మరో చిల్లు పడుతుంది. మఫ్లర్ మార్చండి, నడిమి పైపును మాత్రం తట్టి చూసి నిర్ణయించుకోండి.

సీఎన్‌జీ పెట్టించాక సైలెన్సర్ త్వరగా పోయింది. గ్యాసు వల్లేనా?

కొంతవరకు. సీఎన్‌జీలో ప్రధానంగా ఉండేది మీథేన్. పెట్రోలుతో పోలిస్తే దానిలో కార్బన్‌కు తోడున్న హైడ్రోజన్ పాలు ఎక్కువ, కాబట్టి కాలితే పుట్టే నీరూ ఎక్కువ. వారానికి ఒకసారైనా అరగంటకు తగ్గకుండా హైవే మీద నడిపితే లోపలి తడి ఆరుతుంది.

## బాగుచేశాక

మోత పోయింది కానీ కాలిన వాసన, సన్నటి పొగ వస్తున్నాయి.

స్ప్రే నూనె, పేస్టు, మీ చేతి జిడ్డు మాడే వాసన అది. ఒకటి రెండు ప్రయాణాల్లో పోతుంది. రబ్బరు మాడినట్టు వాసన వస్తే మాత్రం ఆగి చూడండి, పైపు ఏ వైరుకో, వేలాడదీసే రబ్బరుకో తగులుతూ ఉండవచ్చు. పెట్రోలు వాసన వస్తే ఇంజిన్ ఆపేయండి.

లీకు మూశాక కూడా ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంది. మైలేజీ కూడా తగ్గింది.

లీకు దగ్గర పొగ బయటికి పోవడమే కాదు, ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య బయటి గాలి లోపలికి కూడా లాగుతుంది. ఆక్సిజన్ సెన్సార్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. మైలేజీ తగ్గడానికి కారణం అదే. లీకు మూసి కొన్ని రోజులు నడిపాక చాలాసార్లు లైటు దానంతట అదే ఆరుతుంది. ఆరకపోతే స్కానర్ పెట్టి కోడు చూడాలి. ముందుగా ఆ సెన్సార్ వైరును ఒకసారి చూడండి. మా సెల్లార్‌లో ఎలుకలకు దాని తొడుగంటే ప్రత్యేకమైన ఇష్టం.

స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా కింద ఠప్‌మని తగులుతోంది. ఇంతకుముందు లేదు.

కొత్త రబ్బరు సరిగా ఎక్కలేదు, లేదా పైపు ఒకవైపు మెలితిరిగి బిగిసింది. బండి చల్లారాక పైపు చివర పట్టుకుని అన్నివైపులా ఊపండి. ఎక్కడ కొడుతుందో అక్కడ మెరుస్తూ గీత పడి ఉంటుంది. ఆ దగ్గరి క్లాంపు వదులు చేసి, పైపును చేత్తో తిప్పి, రెండు వేళ్లు దూరేంత సందు ఉంచి మళ్లీ బిగించండి.